విసుగు లేని ఓడ

ఓడ ఎక్కే మెట్ల దగ్గరే పెద్ద బోర్డు పెట్టారు: "ఈ నౌకలో పిల్లలు విసుగు చెందరాదు." ఉమ్మరాదు, పొగ త్రాగరాదు, గోడలపై వ్రాయరాదు అన్న బోర్డుల కిందే ఆ పనులన్నీ జరుగుతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి కనక నేను దీన్నీ పట్టించుకోలేదు. బోర్డు మీద రాసినదాన్ని అక్షరాలా అమలు చేసే చోటికి పెళ్ళాం బిడ్డతో వచ్చి పడ్డానని అప్పటికి నాకు తెలియదు.

నా పేరు ఉమాపతి. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అనడమే నా ఉద్యోగం. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా చీకటిగదిలో ఊళ్ళోవాళ్ళ పక్కటెముకలు చూసేవాడికి సొంత కూతురి మొహం చూసే తీరిక తక్కువ. మా అమ్మాయి తన్మయి మూడో తరగతి. కిందటి వేసవిలో విశాఖ బీచికి తీసుకెళ్తే చాలాసేపు అటు చూసి, తర్వాత ఇటు తిరిగి, "వెనక హోటళ్ళు కనపడుతున్నాయి కదా నాన్నా, ఇది సగం సముద్రమే," అంది. ఏ వైపు తిరిగినా నీళ్ళే ఉండే పూర్తి సముద్రం ఎక్కడైనా ఉంటుందా అనడిగింది. ఉంటుందన్నాను. చూపిస్తావా అంది. చూపిస్తానన్నాను. తండ్రులు ఆలోచించకుండా అనేసే మాటల్లో ఇదొకటి. ఆ పిల్ల మాత్రం దాన్ని మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు.

అందుకని ఈ షిప్పు ఎక్కాం. ఇది ఎక్కడికీ వెళ్ళదు. విశాఖలో బయల్దేరి, సముద్రం మధ్యకు పోయి, అక్కడ రెండ్రోజులు గుండ్రంగా తిరిగి, నాలుగో రోజున మళ్ళీ విశాఖలోనే దింపేస్తుంది. అలా ఎక్కడికీ వెళ్ళకపోవడమే నాకు నచ్చింది. మా ఆవిడ ప్రశాంతికి మాత్రం కరపత్రంలో రాసిన పిల్లల కార్యక్రమాలు నచ్చాయి.

"ఏవండీ, పిల్లలకి బోలెడు యాక్టివిటీలున్నాయంట. ఒక్క నిమిషం ఊరికే కూర్చోనివ్వరంట," అంది సంబరంగా.

కరపత్రాల్లో అబద్ధాలే ఉంటాయని నా నమ్మకం. ఇందులో ఉన్నదంతా నిజమే.

ఓడ కదలగానే పిల్లల్నీ పెద్దల్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. హైమవతిగారు వేదిక ఎక్కారు. ఆవిడ ఆ ఓడకు ముఖ్య ఆనంద నిర్వహణాధికారిణి. పోలీసు అధికారులకు భుజాన నక్షత్రాలున్నట్టు ఆవిడకు నాలుగేసి నవ్వుమొహాలున్నాయి. ఆవిడ సొంత మొహం మాత్రం నవ్వడం లేదు. బాధ్యత అలాంటిది.

"ప్రియమైన తల్లిదండ్రులారా," అన్నారు. "గత సీజనులో ఈ నౌకపై ఒక దురదృష్టకర సంఘటన చోటుచేసుకోవడం జరిగింది. దిగే సమయంలో ఒక బాలుడు మైకులో 'బోరు కొట్టింది' అని వ్యాఖ్యానించడం, దానిని లక్షలాది మంది ఫోన్లలో వీక్షించడం జరిగింది. తత్ఫలితంగా, విసుగును నౌకలోని అన్ని అంతస్తుల నుంచి సమూలంగా నిర్మూలించాలని యాజమాన్యం తీర్మానించడం జరిగింది. అంతర్జాతీయ విసుగు నిర్మూలన మండలివారి పరిశీలకులు ప్రస్తుతం మన నౌకలోనే ఉన్నారు. నిష్పాక్షికత దెబ్బతినకుండా ఉండేందుకు వారు ఇంతవరకు దేనినీ చూడలేదు, చివరి రోజు దాకా గది దాటి బయటికి రారు. చివరి రోజున వారు తనిఖీ చేసి మనకు విసుగు రహిత నౌక హోదా ప్రసాదించనున్నారు. విసుగు చెందిన ఒక్క బిడ్డ కంటపడినా ఆ హోదా మనకు దక్కదు."

నా పక్క కుర్చీల్లో నరసరావుపేట ఎరువుల వ్యాపారి వీరభద్రరావుగారు, ఆయన కొడుకు దీక్షిత్ కూర్చున్నారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"విసుగంటే ఏందో కూడా చెప్పండి మేడం. మావోడు ఎప్పుడూ మొహం ఇట్టాగే పెడతాడు. అది పుట్టుకతో వచ్చిన మొహం. దాన్ని జూసి మీవోళ్ళు పొరపాటు పడగూడదు."

"మంచి ప్రశ్న," అన్నారు హైమవతిగారు. "మొహంతో నిమిత్తం లేదు. ఒక బాలుడు గాని, బాలిక గాని, ఏ కార్యక్రమంలోనూ పాల్గొనక ఒకే చోట నిశ్చలంగా ఉండుటను విసుగుగా పరిగణించడం జరుగుతుంది. అలాగే, ఒకసారి కార్యక్రమంలో ప్రవేశించిన బిడ్డను అది పూర్తయ్యేంత వరకు తల్లిదండ్రులు గాని, కెప్టెన్ గాని, ఆఖరికి నేను గాని బయటికి తీసుకొనుటకు వీలులేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పట్లు ఆగేలోగా పసుపుపచ్చ చొక్కాలవాళ్ళు, వాళ్ళను ఉత్సాహ కార్యకర్తలంటారట, పిల్లలందరి మణికట్లకూ రంగు పట్టీలు కట్టేసి బెలూన్ల గదికి తోలుకుపోయారు. ఆ సాయంత్రం మళ్ళీ తన్మయిని నేను చూడలేదు. తీరం దీపాలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి కనక నాకూ తొందర లేకపోయింది.

మర్నాడు పొద్దున్న గట్టు మాయమైంది. టిఫిను కాగానే పిల్ల చెయ్యి పట్టుకుని డెక్కు మీదికి తీసుకెళ్ళాను. కడ్డీలు పట్టుకుని ముందువైపు చూసింది. అంతా నీళ్ళే. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. పసుపు చొక్కాలవాళ్ళు ఇద్దరు పరుగున వచ్చారు.

"సార్, పాప ఏం చేస్తోంది?" అన్నాడు ఒకతను.

"సముద్రం చూస్తోంది."

"సరే సార్. చూస్తూ ఏం చేస్తోంది?"

"చూస్తోంది."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"ఎంతసేపట్నుంచి సార్ ఇలా?" అన్నాడు రెండో అతను, జాలిగా.

ఇప్పుడే వచ్చామని చెప్పాను. నేనూ కదలకుండానే నిలబడ్డాను కదా, మరి నా సంగతేమిటని అడిగాను. పెద్దలు విసుగు చెందడానికి అభ్యంతరం లేదట, అది టిక్కెట్టులో కలిసే ఉందట. ఇంతలో ఆ మొదటి అతను తన్మయి నడుముకు ఒక ప్లాస్టిక్ రింగు తగిలించి తిప్పమన్నాడు. రింగు ఒక చుట్టు తిరిగేసరికి పిల్ల రింగుల కార్యక్రమంలో ప్రవేశించినట్టయింది. ఇక నేను తీసుకోవడానికి వీల్లేదు.

"నాన్నా, వెనకవైపు చూళ్ళేదు," అంటూనే వెళ్ళిపోయింది.

రింగుల తర్వాత రంగులు, రంగుల తర్వాత డాన్సు. ఒక కార్యక్రమం పూర్తయ్యే చోటే ఇంకోటి మొదలయ్యేలా ఏర్పాటు చేశారు. గుమ్మం బయట నిలబడి చూస్తే, నా కూతురు ఒక తలుపు లోంచి వచ్చి ఇంకో తలుపు లోకి పోయేటప్పుడు ఆమె జడ కనిపించేది.

ఇక్కడిదాకా తప్పు ఓడవాళ్ళదే. ఆ తర్వాతది మాత్రం మనవాళ్ళ ప్రతిభ.

పిల్లలకు వాళ్ళ ఉత్సాహాన్ని బట్టి పాయింట్లు వేస్తున్నారని మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. వాటిని ఓడవాళ్ళు బయటపెట్టకుండా తమ లెక్క కోసం వేసుకుంటున్నారు. వీరభద్రరావుగారు అన్నం పళ్ళెంతోటే హైమవతిగారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"పాయింట్లేస్తన్నారు, బానే ఉంది మేడం. మరి ఫస్టెవరో చెప్పకపోతే మావోడు సంతోషంగా ఉన్నాడో లేదో మాకెట్టా తెలుద్ది?"

హైమవతిగారు మొదట వెనకాడారు. ఇది విహారయాత్ర, ఇందులో పోటీ వాంఛనీయం కాదు అన్నారు. అంతే, హాలంతా లేచి నిలబడింది. ర్యాంకులు లేని చోట పిల్లల్ని ఎలా వదులుతామని ఒక తల్లి, కనీసం గ్రేడులైనా ఇవ్వకపోతే పిల్ల నవ్విన నవ్వంతా వృథాయేనా అని ఒక తండ్రి. సాయంత్రానికల్లా భోజనాల హాలు గోడ మీద ఆనందం ర్యాంకులు అంటించారు. దీక్షిత్‌కి మొదటి ర్యాంకు. మా తన్మయి పేరు కోసం ప్రశాంతి పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, చివరికి వంగి, ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చదువుకుంది.

"బెలూను పగిలితే నవ్వలేదంట," అంది క్యాబిన్‌లోకి వచ్చి, ఏడుపు ఒక్కటే తక్కువగా. "అందరి పిల్లలూ నవ్వారండి. దీనికేం వచ్చింది?"

"నవ్వు రాలేదేమో."

"అలా అంటే ఎలా అండీ? రాకపోతే ప్రాక్టీసు చేయించాలి."

ఆ సాయంత్రం నుంచి ప్రతి క్యాబిన్‌లోనూ కోచింగు మొదలైంది. ఇటు క్యాబిన్‌లో బెలూన్లు పగులుతున్నాయి, అటు క్యాబిన్‌లో "ఇంకా గట్టిగా, పళ్ళు కనపడాలి" అంటున్నారు. హైదరాబాదులో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన సెలవులో వచ్చి కూడా సేవాభావం చంపుకోలేక, క్యాబిన్ల మధ్య నడవలో బల్లలు వేయించి కేరింతలకు బ్రిడ్జి కోర్సు పెట్టాడు. దీక్షిత్ మొదటి ర్యాంకు నిలబెట్టుకోవడానికి అన్నం కూడా గెంతుతూ తిన్నాడు.

మనవాళ్ళ పట్టుదల చూసి హైమవతిగారికీ ఊపు వచ్చింది. నిశ్చలత్వమే విసుగైతే నిద్ర మాటేమిటని ఆవిడకు అనుమానం కలిగింది. వెంటనే నిద్రను కూడా కార్యక్రమంగా ప్రకటించారు. పడుకునే ముందు పిల్లలకు ఒక అంశం ఇస్తారు. దాని మీద కల కని, పొద్దున్నే లేచి చెప్పాలి. మొదటి అంశం పరిశుభ్రత. మా తన్మయికి కల రాలేదు, సున్నా వేశారు. ఇంకో తల్లి తన కూతురికి కలను ముందే రాసిచ్చి బట్టీ పట్టించిందట. ఆ పిల్లకు పదికి పది వచ్చాయి.

మూడో రోజు పొద్దున్న ఆవిడ కిటికీల సంగతి పట్టుకున్నారు. కార్యక్రమాల మధ్యలో పిల్లలు కిటికీల వైపు చూసి, సముద్రం కనపడగానే చేస్తున్న పని ఆపేస్తున్నారని కార్యకర్తలు నివేదించారు. "నౌకలో విసుగుకు ప్రధాన వనరు సముద్రమేనని మా పరిశీలనలో తేలింది," అని హైమవతిగారు మైకులో ప్రకటించారు. గంటలో కిటికీలన్నిటికీ మందపాటి అట్టలు కొట్టేశారు. వాటి మీద పిల్లల కోసం సముద్రం బొమ్మలు వేశారు. బొమ్మల్లోని చేపలన్నీ నవ్వుతున్నాయి.

నాకు నిజంగా కోపం వచ్చింది. ఎక్స్‌రే గదిలో కూడా నాకింత చీకటి ఉండదు. ఆ పిల్లకు మాటిచ్చి సముద్రం మధ్యకు తీసుకొచ్చాను. చుట్టూ కావలసినంత నీరుంది, మధ్యలో ఒక అట్ట అడ్డం. రేపు మధ్యాహ్నానికి విశాఖ డాల్ఫిన్ నోస్ కొండ కనపడుతుందని కెప్టెన్ చెప్పాడు. కొండ కనపడిందంటే మళ్ళీ సగం సముద్రమే. నేరుగా హైమవతిగారి ఆఫీసుకు వెళ్ళి నా బాధంతా చెప్పుకున్నాను.

ఆవిడ శ్రద్ధగానే విన్నారు. "మీ భావోద్వేగాన్ని సంస్థ గౌరవిస్తుంది ఉమాపతిగారూ. అయితే చూచుట అనేది కార్యక్రమం కాదు. దానికి లక్ష్యం లేదు. పర్యవేక్షణ లేదు. ఫలితాన్ని కొలిచే విధానం లేదు. ఒక బిడ్డ చూచినదీ చూడనిదీ మనకెలా తెలుస్తుంది?"

"అయితే దాన్నే కార్యక్రమంగా పెట్టండి," అన్నాను కోపంలో.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. భుజాల మీది నవ్వుమొహాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. "మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను. అరగంటలో కమిటీ కూర్చుంది. దానిలో నన్ను కూడా వేశారు. "సముద్ర పరిచయ కార్యక్రమం" అని పేరు పెట్టి ఏకగ్రీవంగా ఆమోదించారు. నాకు శాలువా కప్పారు. చల్లగాలిలో డెక్కు మీద కూతురి పక్కన ఈ శాలువా పనికొస్తుందని కూడా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే కార్యక్రమం మొదలైంది, పై అంతస్తు హాల్లో, తలుపులు మూసి. డెక్కు మీద గాలికి కాగితాలు ఎగిరిపోతాయి, ఎండకు పిల్లల ఉత్సాహం తగ్గుతుంది, పైగా సముద్రం మరీ పెద్దదిగా ఉండి పిల్లల దృష్టి ఒకచోట నిలవదు అని కమిటీ అభిప్రాయపడింది. అందుకని ఒక తొట్టెలో సముద్రపు నీళ్ళు తోడించి హాలు మధ్యలో పెట్టారు. పిల్లలు వరసలో వచ్చి, తొట్టెలో తొంగిచూసి, రెండుసార్లు చప్పట్లు కొట్టి పోవాలి. పాఠం చెప్పడానికి కోటిలింగం మాస్టారు వచ్చారు. శ్రీకాకుళం వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు ఆనందం సంగతి అంతగా తెలియదు గాని క్రమశిక్షణ తెలుసని తీసుకున్నారు.

ఫలితాన్ని కొలవాలి కాబట్టి మర్నాడు పొద్దున్న మౌఖిక పరీక్ష అన్నారు. పరిశీలకులు బయటికి వచ్చే ముందు దీనితో ఆఖరి ర్యాంకులు తేలుతాయి. ఆ మాట వినగానే కోచింగ్ సెంటర్ ఆయన ముఖ్యమైన ప్రశ్నలు ఇవేనని తేల్చేశాడు. ఇక ఓడంతా బట్టీయం మొదలైంది. ప్రశాంతి కూడా పిల్లను మంచం మీద కూర్చోబెట్టింది.

"బంగాళాఖాతం ఏ సముద్రంలో భాగం?"

"హిందూ మహాసముద్రం."

"సముద్రం రుచి?"

"ఉప్పన."

"సముద్రం రంగు?"

తన్మయి ఆగిపోయింది. "చూసి చెప్పనా అమ్మా?"

"చూడక్కర్లేదమ్మా. నీలం. నీలం అని చెప్తే చాలు. తొట్టె దగ్గర చూశావు కదా."

"తొట్టెలో అడుగు కనపడింది."

"ఏవండీ, మీరైనా చెప్పండి దీనికి. ఈ ఒక్కటి చెప్తే మధ్యలోకన్నా వస్తుంది ర్యాంకు. ఆఖర్న ఉంటే ఇంటికెళ్ళి మా అక్కకి ఏమని చెప్పను?"

కార్యక్రమం పెట్టించిన నా నోటిని నేనే తిట్టుకుంటున్నాను.

నాలుగో రోజు పొద్దున్న పరీక్ష. ఓడ అప్పటికే విశాఖ వైపు తిరిగింది. పై హాల్లో పిల్లలు వరసగా, గోడల పక్కన తల్లిదండ్రులు, ముందు కోటిలింగం మాస్టారు. పరిశీలకులుగారు కెప్టెన్ గదిలో టిఫిను చేస్తున్నారని, అవగానే ఈ హాలుకే వస్తారని హైమవతిగారు గుమ్మం దగ్గర కాలు నిలవకుండా తిరుగుతున్నారు.

దీక్షిత్ గెంతుతూ వచ్చి, గెంతుతూనే జవాబులన్నీ చెప్పి, గెంతుతూ వెళ్ళాడు. వీరభద్రరావుగారు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తన్మయి వంతు వచ్చింది. మొదటి రెండూ చెప్పింది. నా పక్కన ప్రశాంతి ఊపిరి బిగబట్టింది.

"సముద్రం రంగేటి?" అన్నారు మాస్టారు.

"చూళ్ళేదు సార్."

"చూడ్డమేటి? జవాబు చెప్పు."

"చూళ్ళేదు సార్," అంది మళ్ళీ. భయపడుతూనే అంది గాని, మాట మార్చలేదు.

మాస్టారు మొహం ఎర్రబడింది. ఓడ, నవ్వుమొహాలు, అంతర్జాతీయ మండలి, అన్నీ ఆయన బుర్రలోంచి ఒక్క క్షణం తుడిచిపెట్టుకుపోయాయి. సర్వీసు పొడుగునా జవాబు రాని ప్రతి పిల్లకూ పిల్లాడికీ చెప్పిన మాటే నోట్లోంచి వచ్చేసింది.

"జవాబు రాదేటి? బయటికెళ్ళి నిల్చో."

ఆయన బళ్ళో బయట అంటే వరండా. ఇక్కడ బయట అంటే డెక్కు. తన్మయి తలవంచుకుని వెళ్ళి, బరువైన తలుపును రెండు చేతులా తోసింది. వెలుతురు లోపలికి కొట్టింది. పిల్ల బయటికి వెళ్ళిపోయింది, తలుపు మూసుకుంది.

ప్రశాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం అందర్నీ తోసుకుంటూ ఆ తలుపు లోంచి పరుగెత్తాను.

తన్మయి కడ్డీల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. శిక్ష కదా. ఎండ, ఉప్పుగాలి. కొండ ఇంకా కనపడలేదు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా కూతురి పక్కన ఊరికే నిలబడి ఎంత కాలమైందో ఆలోచిస్తే నాకు గుర్తు రాలేదు.

"నాన్నా, ముందు ఈ వైపు మొత్తం చూస్తాను," అంది చిన్నగా. "తర్వాత అటు. తర్వాత వెనక."

"నీ ఇష్టం అమ్మా. మెల్లిగా చూడు."

ఓడ పక్కన నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఓడ కోసుకుపోయిన చోట తెల్లగా నురగ, దాని అంచున ఆకుపచ్చ. దూరాన మబ్బు నీడ పడ్డ చోట బూడిదరంగు, ఎండ పడ్డ చోట చూడలేనంత మెరుపు. ఆ రంగులన్నీ ఒక్కచోట నిలవడం లేదు.

తలుపు తెరుచుకుని హైమవతిగారు వచ్చారు. వెనక మాస్టారు, ఆయన వెనక ప్రశాంతి, వీరభద్రరావుగారు, మిగతా తల్లిదండ్రులంతా.

"నిశ్చలంగా ఉంది," అన్నారు హైమవతిగారు. "ఈ నౌకపై ఒక బిడ్డ నిశ్చలంగా ఉంది. పరిశీలకులవారు కాఫీకి వచ్చేశారు. మాస్టారూ, తక్షణమే ఈ బాలికను లోపలికి తీసుకోండి."

"కుదరదండి," అన్నారు మాస్టారు.

"ఏమన్నారు?"

"పరీక్ష పూర్తవలేదు కదండీ. కార్యక్రమం మధ్యలోంచి పిల్లని మీరైనా తియ్యకూడదని మీరే రాశారు. నాను చదివాను. ఇకపోతే నా పద్ధతి మీకు తెలుసు. బయట నిల్చోబెట్టినాక జవాబు చెబితేనే లోపలికి. నా సర్వీసులో ఒక్కడంటే ఒక్కడు చెప్పకుండా లోపలికి రాలేదు."

ఆ నిబంధన మీద సంతకం హైమవతిగారిదే. ఆవిడ చివరికి మోకాళ్ళ మీద కూర్చుని, మొదటిసారిగా నవ్వారు. అలవాటు లేక ఆ నవ్వు కొంచెం వంకరగా వచ్చింది.

"తన్మయీ, బంగారూ, సముద్రం రంగు ఏమిటమ్మా? నీ..."

తన్మయి చూస్తూనే ఉంది.

"నీ... తర్వాత లం," అన్నాడు కోచింగ్ సెంటర్ ఆయన వెనకనుంచి.

"చెప్పేయమ్మా తల్లీ," అన్నాడు వీరభద్రరావుగారు. "ఓడకి హోదా రాకపోతే మావోడి ఫస్టు ర్యాంకుకి విలువేముంటది? నీకు పుణ్యముంటది, చెప్పు."

"ఇంకా చూస్తున్నా సార్," అంది తన్మయి, ఎవరికీ ప్రత్యేకంగా కాకుండా. "అయ్యాక చెప్తా."

హైమవతిగారు లేచారు. ఆవిడ సామాన్యురాలు కాదు. అక్కడికక్కడే నిబంధన సవరించారు. "బాలిక తరఫున తల్లిదండ్రులలో ఎవరు సమాధానం చెప్పినా పరీక్ష పూర్తయినట్లుగా పరిగణించడం జరుగుతుంది. సవరణ ఈ క్షణం నుంచి అమలులోకి రావడం జరుగుతుంది."

మాస్టారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. నా వైపు తిరిగారు.

"ఏటండీ, సముద్రం రంగేటి?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు, పిల్ల లోపలికి వెళ్ళిపోతుంది, ఎవరో ఆమె చేతిలో ఒక బెలూను పెడతారు.

"తెలీదండి," అన్నాను.

"చదువుకున్నారు కదేటి?"

"ఎక్స్‌రే సైడండి. అంతా నలుపూ తెలుపే."

"అయితే మీరూ నిల్చోండి," అన్నారు మాస్టారు విసుగ్గా. ఆ విసుగు పెద్దలది కనక ఎవరూ విజిల్ వేయలేదు.

"తల్లిగారూ," అన్నారు హైమవతిగారు, ఆఖరి ఆశ పట్టుకుని. మెట్ల మీద ఎవరో పైకి వస్తున్న బూట్ల చప్పుడు వినపడుతోంది. "మీరే మాకు దిక్కు. చెప్పండమ్మా."

ప్రశాంతి విసవిసా ముందుకు వచ్చింది. ఆవిడ మొహం చూసి నా పని అయిపోయిందనుకున్నాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకున్న మనిషి కాదు. ఆ జవాబును నిన్నంతా తనే నూరిపోసింది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు తన్మయికి ఆ వైపు చూడ్డం పూర్తయింది. కట్టుకున్న చేతులు విప్పి, నిలబడ్డ చోటనే మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఎడమవైపు చూసింది. హాలుకు రెండు పక్కల నుంచీ వెనకవైపు చూసింది. కుడివైపు చూసింది. ఎక్కడైనా ఒక హోటలు, ఒక కొండ, ఒక ఇల్లు మిగిలిపోయిందేమోనని వెతుకుతున్నట్టు ఆగి ఆగి చూసింది. చుట్టు పూర్తయ్యేసరికి వాళ్ళమ్మకు ఎదురుగా నిలబడి ఉంది.

"ఎక్కడా ఏమీ లేదమ్మా," అంది. "సముద్రం పూర్తిగా ఉంది."

ఈ నాలుగు రోజుల్లో బెలూన్లకూ రింగులకూ రాని నవ్వు ఆ పిల్ల మొహమంతా వచ్చింది. ప్రశాంతి పిల్లను చూసింది. తర్వాత తలెత్తి, పిల్ల వెనక ఉన్నదాన్ని చూసింది. ఓడెక్కిన తర్వాత మా ఆవిడ అటు చూడ్డం అదే మొదటిసారి.

"చెప్పండమ్మా," అన్నారు హైమవతిగారు. "నీ..."

"నోటిదాకా వచ్చిందండీ," అంది ప్రశాంతి, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "గుర్తు రావట్లేదు."

కోటిలింగం మాస్టారు తల అడ్డంగా ఊపి, ఇంటిల్లిపాదీ మొద్దులేనన్నట్టు నిట్టూర్చి, చెయ్యి చాపి చోటు చూపించారు. ప్రశాంతి వచ్చి, పిల్లకు అటు పక్కన, చేతులు కట్టుకుని నిలబడింది.